సొంత కరెన్సీ ఉన్న దేశానికి హద్దు ఎక్కడ? జపాన్ నుంచి అర్జెంటీనా దాకా

2011లో స్పెయిన్, బ్రిటన్‌ల ప్రభుత్వ ఖాతాలను పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకు ఒక పట్టాన అంతుపట్టని సంగతి ఒకటి కనబడేది. 2008 సంక్షోభం రెండు దేశాల బ్యాంకులనూ కుదిపేసింది. రెండు చోట్లా బడ్జెట్ లోటు జీడీపీలో 10, 11 శాతం దాకా ఎగబాకింది. మొత్తం అప్పు మాత్రం స్పెయిన్‌కే తక్కువ. 2010 చివరికి స్పెయిన్ ప్రభుత్వ రుణం జీడీపీలో దాదాపు 60 శాతం, బ్రిటన్‌ది 75 శాతం దరిదాపుల్లో ఉంది. ఈ లెక్కన అప్పిచ్చేవాళ్ళు స్పెయిన్‌కు తక్కువ వడ్డీకి, బ్రిటన్‌కు ఎక్కువ వడ్డీకి ఇవ్వాలి. జరిగింది అందుకు పూర్తిగా తలకిందులు. 2012 జూలై నాటికి స్పెయిన్ పదేళ్ళ బాండు మీద వడ్డీ 7 శాతం దాటిపోయింది. బ్రిటన్ అదే పదేళ్ళ అప్పును 2 శాతం లోపే తెచ్చుకుంది.

ఈ పోలికను 2011లోనే బెల్జియం ఆర్థికవేత్త పాల్ డి గ్రావె ఎత్తిచూపాడు. ఆయన చెప్పిన కారణం చాలా సాదాగా ఉంటుంది. స్పెయిన్ బాండు అమ్మినవాడి చేతికి యూరోలు వస్తాయి. ఆ యూరోలతో మర్నాడే జర్మనీ బాండు కొనుక్కోవచ్చు, మారకం రేటు భయం లేదు. డబ్బు స్పెయిన్ దాటిపోతుంది, వడ్డీ పెరుగుతుంది, వడ్డీ పెరిగిందన్న భయంతో ఇంకొందరు అమ్ముకుంటారు. యూరోలు సృష్టించే అధికారం మాడ్రిడ్ ప్రభుత్వానికి లేదు. బ్రిటన్ బాండు అమ్మినవాడి చేతికి వచ్చేవి పౌండ్లు. వాటిని వదిలించుకోవాలంటే ఇంకెవరో ఒకరు కొనాలి. ఆ క్రమంలో పౌండు విలువ పడిపోవచ్చు గాని, ఆ పౌండ్లు మాత్రం బ్రిటన్ బ్యాంకుల ఖాతాలు దాటి ఎక్కడికీ పోవు. బాండ్లు కొనే నాథుడు ఎవరూ లేని రోజున, పౌండ్లు సృష్టించగల కేంద్ర బ్యాంకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఉండనే ఉంది.

ఈ వాదనకు రుజువు ఏడాది తిరక్కుండానే దొరికింది. 2012 జూలై 26న యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు అధ్యక్షుడు మారియో ద్రాగీ, యూరోను నిలబెట్టడానికి ఎంతవరకైనా వెళ్తామని ప్రకటించాడు. సెప్టెంబరులో అందుకు ఒక బాండ్ల కొనుగోలు పథకం కూడా తయారైంది. ఆ పథకం కింద ఇంతవరకు ఒక్క బాండు కూడా కొనలేదు. అయినా స్పెయిన్, ఇటలీల వడ్డీ రేట్లు దిగివచ్చాయి. ఆ కొద్ది నెలల్లో స్పెయిన్ అప్పు తగ్గిందేమీ లేదు, పైగా పెరిగింది. కేంద్ర బ్యాంకు వెనక ఉందన్న నమ్మకం ఒక్కటే కొత్తగా వచ్చింది.

ఇక్కడి నుంచి చాలామంది ఒక్క గెంతులో ఒక తీర్మానానికి వచ్చేస్తారు: సొంత కరెన్సీ ఉన్న ప్రభుత్వానికి డబ్బు కొరతే ఉండదు, కాబట్టి లోటు గురించి బెంగ అక్కర్లేదు. మొదటి సగం నిజం. రెండో సగం శ్రీలంకలో, టర్కీలో, అర్జెంటీనాలో నిలబడలేదు. ఆ దేశాలకూ సొంత నోట్లున్నాయి. మరి ఎక్కడ తేడా కొట్టింది?

ఖాతాల్లో జరిగేది

ముందు యంత్రాంగం చూడాలి. ప్రభుత్వానికి కేంద్ర బ్యాంకులో ఖాతా ఉంటుంది. అందులోంచి ఒక కాంట్రాక్టరుకు 100 కోట్లు చెల్లించిందనుకుందాం. కాంట్రాక్టరు ఖాతా ఉన్న బ్యాంకుకు కేంద్ర బ్యాంకులో ఉండే నిల్వ 100 కోట్లు పెరుగుతుంది. ఆ బ్యాంకు తన పుస్తకంలో కాంట్రాక్టరు పేరిట 100 కోట్లు జమ వేస్తుంది. పన్ను కట్టినప్పుడు ఇదంతా వెనక్కి నడుస్తుంది: డిపాజిట్ తగ్గుతుంది, బ్యాంకు నిల్వ తగ్గుతుంది, ప్రభుత్వ ఖాతా పెరుగుతుంది. ఖర్చు పన్నును మించితే ఆ తేడా మేరకు జనం చేతిలో, బ్యాంకుల చేతిలో డబ్బు మిగులుతుంది. ప్రభుత్వం బాండ్లు అమ్మినప్పుడు ఆ మిగులులో కొంత, వడ్డీ వచ్చే కాగితంగా మారుతుంది. ప్రభుత్వ లోటు అంటే ఇంకెవరిదో మిగులు అన్నది సిద్ధాంతం కాదు, పద్దు. ఇంటి బడ్జెట్‌తో దేశ బడ్జెట్‌ను పోల్చే ప్రసంగాలు తప్పిపోయేది ఇక్కడే.

కేంద్ర బ్యాంకు నేరుగా ప్రభుత్వం దగ్గర బాండ్లు కొనవచ్చా అన్న దాని మీద ఒక్కో దేశానిది ఒక్కో చట్టం. యూరో దేశాల్లో యూరోపియన్ యూనియన్ ఒప్పందమే దాన్ని నిషేధించింది. అమెరికాలో కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ బహిరంగ మార్కెట్లో కొనాలి తప్ప ట్రెజరీ (ఆర్థిక శాఖ) దగ్గర కొత్త అప్పు నేరుగా కొనకూడదు. భారత రిజర్వ్ బ్యాంకును 2006 ఏప్రిల్ నుంచి ప్రాథమిక వేలాల్లో, అంటే ప్రభుత్వం కొత్త బాండ్లు అమ్మే వేలాల్లో, పాల్గొనకుండా లోటుకు పరిమితి పెట్టే ఎఫ్ఆర్‌బీఎం చట్టం ఆపింది. బ్యాంక్ ఆఫ్ కెనడా మాత్రం దశాబ్దాలుగా ప్రభుత్వ బాండ్ల వేలంలో కొంత వాటాను నేరుగా కొంటూనే వచ్చింది. దానివల్ల కెనడాలో ధరలు ఆకాశాన్ని అంటలేదు. శ్రీలంక కేంద్ర బ్యాంకు 2020 నుంచి 2022 దాకా అదే పని చేసింది, అక్కడ కొంప మునిగింది. ‘నోట్ల ముద్రణ’ అన్న మాట విని ఉలిక్కిపడేవాళ్ళు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మంచిది. తేడా ఆ కొనుగోలులో లేదు, ఆ డబ్బు వెళ్ళి దేన్ని కొనబోయిందన్న దాంట్లో ఉంది.

జపాన్: పాతికేళ్ళుగా తప్పుతున్న జోస్యం

జపాన్ ప్రభుత్వ స్థూల రుణం జీడీపీలో 200 శాతం దాటి చాలా కాలమైంది. ఇదిగో కూలుతుంది, అదిగో కూలుతుంది అని జపాన్ బాండ్ల మీద పందేలు కాసిన ఫండ్లు పాతికేళ్ళ పాటు చేతులు కాల్చుకున్నాయి. 2002లో, అప్పు తీర్చే సత్తాకు మార్కులు వేసే రేటింగ్ సంస్థలు జపాన్ రేటింగును కోసినప్పుడు ఆ దేశ ఆర్థిక శాఖ వాటికి ఒక లేఖ రాసింది. జపాన్, అమెరికా వంటి దేశాలు సొంత కరెన్సీలో ఉన్న అప్పును ఎగ్గొట్టడం ఊహకందని విషయం, అసలు ఎలాంటి ఎగవేతను మనసులో పెట్టుకుని రేటింగ్ తగ్గించారో చెప్పండి అని అడిగింది. ఆ తర్వాత అప్పు ఇంకా పెరిగింది. వడ్డీ ఇంకా తగ్గింది. 2016లో కొన్నాళ్ళపాటు పదేళ్ళ బాండు మీద వడ్డీ సున్నా కిందికి కూడా వెళ్ళింది.

ఇది ఎలా సాధ్యమైందంటే అప్పంతా యెన్‌లలో ఉంది. ఇచ్చినవాళ్ళలో అత్యధికులు జపాన్ వాళ్ళే. 2013లో మొదలైన భారీ కొనుగోళ్ళ తర్వాత ఆ బాండ్లలో దాదాపు సగం బ్యాంక్ ఆఫ్ జపాన్ చేతికే చేరాయి. వాటి మీద ప్రభుత్వం కట్టే వడ్డీ కేంద్ర బ్యాంకుకు పోయి, దాని లాభంలో భాగంగా మళ్ళీ ఖజానాకే తిరిగొస్తుంది. పైగా జపాన్ ప్రపంచానికి అప్పిచ్చిన దేశం. 2023 చివరిదాకా మూడు దశాబ్దాలకు పైగా నికర విదేశీ ఆస్తుల్లో అదే మొదటి స్థానంలో ఉండేది. డాలర్ల కోసం ఎవరి ముందూ చేయి చాచే పరిస్థితి దానికి లేదు.

అసలు నష్టం జపాన్‌కు లోటు వల్ల కన్నా లోటు భయం వల్లే ఎక్కువ జరిగిందనిపిస్తుంది. 1989లో 3 శాతంతో మొదలైన వినియోగ పన్నును 1997 ఏప్రిల్‌లో 5 శాతానికి, 2014 ఏప్రిల్‌లో 8 శాతానికి, 2019 అక్టోబరులో 10 శాతానికి పెంచారు. మూడు సార్లూ పెంపు అమల్లోకి వచ్చిన వెంటనే జనం కొనుగోళ్ళు పడిపోయాయి. 1997 పెంపు తర్వాత ఆసియా సంక్షోభం, దేశీయ బ్యాంకుల పతనం కూడా తోడయ్యాయి కాబట్టి నింద మొత్తం పన్ను మీదే వేయలేం. అయినా గిరాకీ లేక ధరలు కుంగుతున్న దేశంలో కొనుగోలు మీదే పన్ను పెంచడం, రోగానికి విరుగుడు కాక రోగానికే మేత వేసినట్టయింది.

జపాన్‌కు హద్దు లేదని మాత్రం అనుకోకూడదు. అది ఎదురైన చోటు వేరు. 2022లో అమెరికా వడ్డీ రేట్లు పెంచుతూ పోతుంటే బ్యాంక్ ఆఫ్ జపాన్ తన రేట్లను అణిచే ఉంచింది. డాలరుకు 115 యెన్‌ల దగ్గరున్న మారకం 2024లో 160 దాకా దిగజారింది. ఇంధనం, ఆహారం దిగుమతి చేసుకునే దేశంలో ఆ బరువు నేరుగా సరకుల ధరల మీద పడింది. 2024 మార్చిలో రుణాత్మక వడ్డీ విధానానికి స్వస్తి పలికారు. 2025లో ముప్పయ్యేళ్ళ బాండు మీద వడ్డీ 3 శాతం దాటింది. ప్రభుత్వం చెల్లింపులు ఆపుతుందన్న ప్రశ్న అప్పుడూ లేవలేదు. లేచిన ప్రశ్న వేరు: యెన్ ఇంకా పడితే ఆ నొప్పిని ఏ వర్గం భరించాలి?

బ్రెజిల్‌ను జపాన్ పక్కన పెట్టి చూస్తే

జపాన్ గురించి చెప్పినవాళ్ళు బ్రెజిల్ గురించి సాధారణంగా చెప్పరు. బ్రెజిల్ కూడా తన అప్పులో అధిక భాగాన్ని సొంత కరెన్సీ రియాల్‌లోనే తీసుకుంది. దానికి పెద్ద ఎత్తున విదేశీ మారక నిల్వలున్నాయి. మారకం రేటు స్వేచ్ఛగా కదులుతుంది. అప్పు 2024 చివరికి జీడీపీలో 80 శాతం లోపే, అంటే జపాన్ దాంట్లో సగం కూడా కాదు. అయినా 2025 జూన్‌లో కేంద్ర బ్యాంకు తానే నిర్ణయించే మూల వడ్డీ, అంటే విధాన రేటు, 15 శాతానికి చేరింది. అప్పటికి ద్రవ్యోల్బణం 5 శాతం చిల్లర. ప్రభుత్వ బాండ్లలో దాదాపు సగం ఈ విధాన రేటుకు ముడిపడినవి కాబట్టి, రేటు పెంచిన మర్నాటి నుంచే ఖజానా మీద వడ్డీ భారం పెరుగుతుంది. 2024లో బ్రెజిల్ మొత్తం లోటు జీడీపీలో 8 శాతం పైమాటే. అందులో వడ్డీని తీసేస్తే మిగిలే లోటు అర శాతం కూడా లేదు.

అంటే బ్రెజిల్ లోటు ఆస్పత్రుల వల్లో పింఛన్ల వల్లో వచ్చినది కాదు, ప్రధానంగా వడ్డీ విధానం వల్ల వచ్చినది. బాండ్లున్నవాళ్ళకే ఆ వడ్డీ ఆదాయంగా పోతుంది. 1994లో రియాల్ రాక ముందు నాలుగంకెల ద్రవ్యోల్బణం చూసిన దేశం కాబట్టి ధరలంటే అక్కడ భయం లోతుగా పాతుకుపోయి ఉంది. ఆ భయానికి అర్థముంది. అయినా వడ్డీ పెంచడమే లోటును పెంచుతుంటే, ఆ లోటు చూపించి మళ్ళీ వడ్డీ పెంచడం ఎన్నాళ్ళు నడుస్తుందన్నది తేలని లెక్క. సొంత కరెన్సీలో అప్పున్న రెండు దేశాల్లో ఒకటి ఏళ్ళ తరబడి దాదాపు సున్నా వడ్డీతో, ఒకటి రెండంకెల వడ్డీతో నడవడం చూస్తే, వడ్డీ రేటు చాలా వరకు కేంద్ర బ్యాంకు ఎంచుకునే అంకె అని ఒప్పుకోక తప్పదు. దాన్ని బడ్జెట్ క్రమశిక్షణకు మార్కెట్ వేసే మార్కులుగా చదవడం సగం సత్యమే.

లండన్‌లో ఐదు రోజులు

2022 సెప్టెంబరు 23, శుక్రవారం. బ్రిటన్ ఆర్థిక మంత్రి క్వాసి క్వార్టెంగ్ సుమారు 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించాడు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు. ఇలాంటి సందర్భాల్లో స్వతంత్రంగా అంచనాలు వేసే బడ్జెట్ బాధ్యత కార్యాలయం నివేదికను కూడా పక్కన పెట్టేశాడు. సోమవారం ఆసియా మార్కెట్లు తెరుచుకునేసరికి పౌండు 1.03 డాలర్ల దాకా జారింది. అది చరిత్రలోనే కనిష్ఠం. బుధవారం, అంటే 28న, ముప్పయ్యేళ్ళ గిల్టుల (బ్రిటన్ ప్రభుత్వ బాండ్ల) మీద రాబడి 5 శాతం దాటింది.

ఇంత వేగానికి కారణం పింఛను నిధుల్లో దాగి ఉంది. అవి తమ భవిష్యత్ చెల్లింపులకు రక్షణగా గిల్టులనే తాకట్టు పెట్టి అప్పు తెచ్చి ఇంకొన్ని గిల్టుల మీద పెట్టే పద్ధతిని ఏళ్ళ తరబడి వాడుతున్నాయి. గిల్టుల ధర పడగానే తాకట్టు విలువ చాలదు, ఇంకా నగదు తెమ్మని అప్పిచ్చినవాళ్ళు ఒత్తిడి చేస్తారు. ఆ నగదు కోసం గిల్టులు అమ్మాలి. అమ్మితే ధర ఇంకా పడుతుంది. బుధవారం ఉదయానికి ఈ చక్రం దానంతటది తిరుగుతోంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 6,500 కోట్ల పౌండ్ల దాకా గిల్టులు కొనడానికి సిద్ధమని ప్రకటించింది. ఆ ఒక్క రోజులోనే రాబడి ఒక శాతం మేర దిగింది. చివరికి కొన్నది 1,930 కోట్ల పౌండ్లే. అక్టోబరు 14తో కొనుగోలు ఆపేసింది. అదే రోజు క్వార్టెంగ్ పదవి పోయింది. 20న ప్రధాని లిజ్ ట్రస్ కూడా రాజీనామా ప్రకటించింది.

ఈ ఐదు రోజులను రెండు పక్షాలూ తమకు సాక్ష్యంగా వాడుకుంటాయి. మార్కెట్ ముందు సొంత కరెన్సీ ఉన్న ప్రభుత్వం కూడా మోకరిల్లాల్సిందేనని ఒకరంటారు. కేంద్ర బ్యాంకు వేలు పెట్టగానే భయం ఎగిరిపోయింది చూడండి అని ఇంకొకరంటారు. ద్రవ్యోల్బణం 10 శాతం దగ్గరున్న దేశంలో, కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచుతూ గిరాకీని కుదించబోతుంటే, ఖజానా అదే వారంలో గిరాకీ పెంచే పన్ను కోతలు తెచ్చింది. రెండు చేతులూ తాడును రెండు వైపులకు లాగాయి. బ్రిటన్ దివాలా తీస్తుందని బాండ్లు అమ్మినవాళ్ళు అనుకోలేదు. వడ్డీ రేట్లు ఇంకా ఎంత పెంచాల్సి వస్తుందో అని లెక్కేశారు, అంతే.

అమెరికా సంగతి చాలామందికి తెలిసిందే. 2020 మార్చిలో 2.2 లక్షల కోట్ల డాలర్లు, 2021 మార్చిలో మరో 1.9 లక్షల కోట్లు కుమ్మరించింది. నిరుద్యోగం వేగంగా దిగింది. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. రెండో విడత అతిగా పోయిందన్న విమర్శలో పస ఉంది. కానీ అంత ఖర్చు చేయని యూరో ప్రాంతంలో అదే ఏడాది అక్టోబరులో ధరల పెరుగుదల 10.6 శాతం. రష్యా గ్యాసు ఆగిపోవడం, ఓడరేవుల్లో సరకు పేరుకుపోవడం ఆ లెక్కలో లేకుండా తీర్పు చెప్పలేం. ఇక అప్పు పరిమితి పేరిట అమెరికా కాంగ్రెస్ ఆడే నాటకం సొంత కరెన్సీ ఉన్న ప్రభుత్వం తన మెడకు తానే ఉచ్చు బిగించుకునే తంతు. 2011 ఆగస్టులో ఆ నాటకం చూసి రేటింగ్ సంస్థ ఎస్ అండ్ పీ అమెరికా రేటింగ్ తగ్గించింది. తగ్గించిన తర్వాత భయపడ్డ మదుపరులు పరుగెత్తి కొన్నవి ఆ అమెరికా బాండ్లే.

రూపాయిలున్నాయి, డీజిల్ లేదు

శ్రీలంక అప్పు 2021 చివరికి జీడీపీలో సుమారు 100 శాతం. జపాన్ దాంట్లో సగం కన్నా తక్కువ. కానీ 2007లో 50 కోట్ల డాలర్లతో మొదలుపెట్టి, ఆ ప్రభుత్వం దాదాపు ఏటా అంతర్జాతీయ మార్కెట్లో డాలరు బాండ్లు అమ్ముతూ పోయింది. 2019 చివర్లో కొత్త ప్రభుత్వం వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గించింది, మరికొన్ని పన్నులనూ ఎత్తేసింది. పన్ను రాబడి జీడీపీలో 8 శాతం దగ్గరకు పడిపోయింది. కొవిడ్ వచ్చి పర్యాటకం ఎండిపోయింది, డాలర్ల రాక ఆగింది. రేటింగులు కోతపడి కొత్త డాలరు అప్పు పుట్టలేదు. లోటు పూడ్చడానికి కేంద్ర బ్యాంకు ప్రభుత్వ బిల్లులు కొంది.

ఇక్కడిదాకా జరిగింది ఒక ఎత్తు. 2021లో డాలరుకు 200 రూపాయల దగ్గర మారకం రేటును పట్టి ఉంచాలన్న పంతం ఇంకో ఎత్తు. దేశంలో రూపాయలు పెరుగుతున్నాయి, ఆ రూపాయలు డాలరు సరకుల వైపు వెళ్తున్నాయి, రేటు మాత్రం కదలకూడదు. ఆ రేటు నిలబెట్టడానికి నిల్వల్లోంచి డాలర్లు పోశారు. 2022 జనవరిలో కూడా 50 కోట్ల డాలర్ల బాండు గడువు తీరితే ఉన్న కాసిని డాలర్లతో అది తీర్చారు. మార్చిలో కాగితం దిగుమతికి డాలర్లు లేక పశ్చిమ రాష్ట్రంలో బడి పరీక్షలు వాయిదా వేశారు. పెట్రోలు బంకుల దగ్గర బారులు రోజుల తరబడి సాగాయి. ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేస్తున్నట్టు ప్రకటించారు. మే నాటికి డాలరు 360 రూపాయలైంది. సెప్టెంబరులో కొలంబో ద్రవ్యోల్బణం 70 శాతానికి చేరింది.

శ్రీలంక ప్రభుత్వానికి రూపాయల కొరత ఒక్కనాడూ రాలేదు. ఉద్యోగుల జీతాలు ఆగలేదు. రూపాయలతో కొనలేనివే కరవయ్యాయి: డీజిలు, మందులు, వంటగ్యాసు, ఎరువులు. ఆహారం, ఇంధనం బయటి నుంచి తెచ్చుకునే దేశం లోటు పెంచితే, ఆ కొత్త గిరాకీలో కొంత వాటా తెల్లారేసరికి డాలర్ల గిరాకీగా మారుతుంది. అమెరికాకు ఈ బెడద లేదు, ఎందుకంటే ప్రపంచం దాని నోటునే సరకుకు బదులుగా తీసుకుంటుంది. అన్ని సొంత కరెన్సీలూ సమానం కావు అన్న ఈ చేదు నిజాన్ని, లోటును సమర్థించే ఉత్సాహంలో ఉన్నవాళ్ళు తరచు దాటవేస్తారు.

సొంత నోటు ఉండి కూడా సొంత నోటులోని అప్పునే ఎగ్గొట్టిన ఉదాహరణ కూడా ఉంది. 1998లో రష్యా రూబుల్ మారకం రేటును ఒక పరిధిలో కట్టేసి ఉంచింది. స్వల్పకాలిక రూబుల్ బిల్లులు గడువు తీరినవాళ్ళు ఆ రూబుళ్ళను డాలర్లుగా మార్చుకుని వెళ్ళిపోతారన్న భయంతో, మే నెలలో కేంద్ర బ్యాంకు వడ్డీని 150 శాతానికి పెంచింది. అయినా ఆగలేదు. ఆగస్టు 17న రూబుల్‌ను కట్టేసిన పరిధిని సడలించింది, రూబుల్ బిల్లుల చెల్లింపూ ఆపేసింది. రూబుళ్ళు ముద్రించడం చేతకాక కాదు, వాటిని ముద్రిస్తే వెంటనే డాలర్లుగా మారిపోతాయని. మారకం రేటు మీద మాట ఇచ్చిన ప్రభుత్వం, తన కరెన్సీని సగం పరాయిది చేసుకున్నట్టే.

టర్కీ ఈ పనినే మరింత చిత్రంగా చేసింది. 2021లో దాని ప్రభుత్వ రుణం జీడీపీలో 40 శాతం దగ్గర, ఏ కొలమానంతో చూసినా తక్కువే. 2021 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా, ధరలు పెరుగుతుండగా, విధాన రేటును 19 నుంచి 14 శాతానికి తగ్గించారు. లీరా కుప్పకూలింది. డిసెంబరు 20న ప్రభుత్వం కొత్త డిపాజిట్ పథకం ప్రకటించింది: లీరాల్లో దాచుకోండి, డాలరుతో లీరా పడిపోతే ఆ నష్టం మేం పూడుస్తాం. లీరా బాధ్యతలను చేజేతులా డాలరు బాధ్యతలుగా మార్చే హామీ అది. ఆ ఖాతాల్లో సొమ్ము 2023 నాటికి 3 లక్షల కోట్ల లీరాలు దాటింది. 2022 అక్టోబరులో ద్రవ్యోల్బణం 85 శాతం. 2023 ఎన్నికల తర్వాత దారి మార్చుకుని, 2024 మార్చికి వడ్డీని 50 శాతానికి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

60 శాతం, 3 శాతం

ప్రభుత్వ రుణం జీడీపీలో 60 శాతం, లోటు 3 శాతం దాటకూడదన్న అంకెలు 1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందంతో ప్రచారంలోకి వచ్చాయి. సొంత కరెన్సీ వదులుకుని యూరోలో చేరబోయే దేశాలకు పెట్టిన షరతులవి. చిత్రంగా, సొంత కరెన్సీ వదులుకోని దేశాలు కూడా వాటినే ప్రమాణంగా పట్టుకున్నాయి. భారతదేశం 2003లో చేసిన ఎఫ్ఆర్‌బీఎం చట్టం లోటుకు 3 శాతం గీత గీసింది. 2018 సవరణలో కేంద్ర, రాష్ట్రాల మొత్తం అప్పుకు 60 శాతం లక్ష్యం చేర్చారు.

భారత్ విషయంలో ఆ అంకెల కన్నా చూడాల్సినవి వేరే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ అప్పులో విదేశీ వాటా బాగా తక్కువ, బాండ్లలో అధిక భాగం దేశీయ బ్యాంకులు, బీమా సంస్థల దగ్గరే ఉంది. 2020-21లో లోటు జీడీపీలో 9.2 శాతానికి వెళ్ళినా బాండ్ల మార్కెట్లో గగ్గోలు పుట్టలేదు. 1991లో పరిస్థితి అడ్డం తిరిగింది రూపాయల దగ్గర కాదు, డాలర్ల దగ్గర. దిగుమతులకు వారాలకు సరిపడా నిల్వలే మిగిలితే, దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి తాకట్టు పెట్టారు. ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి తెచ్చుకుంటున్న దేశానికి ఇప్పటికీ అసలు గీత అక్కడే ఉంది. దేశం లోపలి రాష్ట్రాల కథ పూర్తిగా వేరు. వాటికి కరెన్సీ లేదు, కేంద్రానికి బాకీ ఉంటే రాజ్యాంగం 293వ అధికరణ కింద కొత్త అప్పుకు అనుమతి తీసుకోవాలి. ఒక రాష్ట్రం అప్పును కేంద్రం అప్పుతో ఒకే త్రాసులో తూచే చర్చలు స్పెయిన్‌ను బ్రిటన్‌తో పోల్చినట్టే ఉంటాయి.

ఇక అర్జెంటీనా. 1991లో ఒక పెసోకు ఒక డాలరు అని చట్టం చేసి, పదేళ్ళు దాన్ని మోసి, 2001 డిసెంబరులో అప్పట్లో చరిత్రలోనే అతి పెద్ద ఎగవేతతో కుప్పకూలిన దేశం. 2017లో వందేళ్ళ డాలరు బాండు అమ్మగలిగింది. మూడేళ్ళు తిరక్కుండా మళ్ళీ చెల్లింపులు ఆపింది. 2023 డిసెంబరులో జేవియర్ మిలై అధ్యక్షుడయ్యాడు, ఆ నెల ముగిసేసరికి ఏడాది ద్రవ్యోల్బణం 200 శాతం దాటింది. ఎన్నికల్లో పెసోను రద్దు చేస్తానన్న మిలై, గద్దెనెక్కాక దాన్ని రద్దు చేయలేదు. పెసో విలువ సగానికి పైగా తగ్గించి, ఖర్చులు తెగ్గోశాడు. 2024లో బడ్జెట్ మిగులు తేలింది, దశాబ్దానికి పైగా చూడని మిగులు అది. ధరల పెరుగుదల తగ్గింది, మొదటి నెలల్లో పేదరికం బాగా పెరిగింది. లోటే సకల రోగాలకూ మూలమనే వాదానికి ఇంతకన్నా శుద్ధమైన ప్రయోగం దొరకదు. లోటు పోయింది. అయినా పెసోను బలంగా ఉంచే ప్రయత్నంలో డాలర్లు తరిగిపోయి 2025 ఏప్రిల్‌లో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) నుంచి 2,000 కోట్ల డాలర్ల కొత్త రుణానికి ఒప్పందం చేసుకుంది. అక్టోబరుకు అది కూడా చాలక, మిగులు బడ్జెట్ ఉన్న ఆ ప్రభుత్వం అమెరికా ట్రెజరీతో పెసోలిచ్చి డాలర్లు తెచ్చుకునే మరో 2,000 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది.